పక్కసీటు బండి చేసిన మావయ్య

మా పక్కింటి మావయ్య పోయి ఇంకా నెల తిరగలేదు. ఆయన పోయిన పొద్దున్న నేను పనిచేసే నందిని సున్నపురాయి గనుల ఆఫీసులో ఒక ఫైలు ముందేసుకుని కూర్చుని ఉండగా అత్త ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు.

"బాబూ, మీ మావయ్య వెల్లిపోనాడు. నిద్దర్లోనే. నువ్వు బేగి రా. వాకిట్లో బండ్లు జరపాల. మనిసిని పడుకోబెట్టడానికి జాగా లేదు."

మా ఇళ్లున్న స్మృతి నగర్ చేరేదాకా జీపులో నా పక్కనున్నవాళ్లు ఏదో మాట్లాడుతూనే ఉన్నారు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఆయన బతికుండగా చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఆరేళ్లుగా ఉండిపోయింది. ఇక చెప్పడానికి మనిషి లేరు. అలాంటివాణ్ణి ఆయన గురించి రాయడానికి కూర్చున్నాను. నాకున్న అర్హత ఎంతో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మావయ్య అంటే రక్తసంబంధం ఏమీ లేదు. ఆయనది విజయనగరం వైపు, మా అమ్మది శ్రీకాకుళం వైపు. భిలాయి ఉక్కు ప్లాంటులో ఉద్యోగాలకొచ్చిన కొత్తలో రెండు కుటుంబాలకీ టౌన్‌షిప్ సెక్టారులో పక్కపక్క క్వార్టర్లు వచ్చాయి. కుళాయి దగ్గర అమ్మ మాట చెవినపడి, "ఏటీ, మన యాసేనేటి?" అని మురిసిపోయి, ఆ పూటే మావయ్య ఆమెను 'అప్పా' అని పిలిచారట. మా వైపు అక్కని అలాగే అంటారు. మేం ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లం, వాళ్లింట్లో శనివారం వెంకన్నకి దీపం పెట్టేవారు. రిటైరయ్యే ముందు స్మృతి నగర్‌లో స్థలం కొన్నప్పుడు పక్క స్థలం మా నాన్న చేత పట్టుబట్టి కొనిపించారు. నాన్న పోయాక కూడా ఆ పిట్టగోడకు అటు వాళ్లు, ఇటు మేము. వాళ్లకి పిల్లల్లేరు. నన్ను 'అల్లుడా' అనేవారు.

ఆయన రోలింగ్ మిల్లులో ఫిట్టరు. డ్యూటీలో యంత్రాలు, ఇంటికొస్తే సైకిళ్లు. అవి బజార్లో దొరికే సైకిళ్లు కావు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మొదటిది చేశారు. పడక కుర్చీలో వాలినట్టు వెనక్కి వాలి, కాళ్లు ముందుకి చాపి తొక్కేది. దాని మీద డ్యూటీకి బయల్దేరితే ప్లాంటు గేటు దగ్గర గార్డు ఆపేశాడు.

"దాదా, యే క్యా హై? సోకే డ్యూటీ జావోగే?" అని నవ్వాడట, పడుకుని డ్యూటీకి పోతావా అని.

"సోనా నహీ భయ్యా, నడుం కో ఆరామ్" అన్నారట మావయ్య. ఆయన హిందీ చివరిదాకా అంతే.

ఆ బండి వీధిలోకొస్తే కుక్కలు మొరుగుతూ వెంటపడేవి. వాటి వెనక మేము. అందరికంటే గట్టిగా అరిచేవాణ్ణి నేనే, ఆయన మా మావయ్య అని అందరికీ తెలియాలని. అప్పట్లో నేను అలాంటివాణ్ణి.

తర్వాత ఎన్ని చేశారో. భిలాయి-3 స్టేషను బయట పాన్ డబ్బా పెట్టుకున్న ఒకాయనకి కాళ్లు పనిచేయవు. చేతుల్తో తిప్పితే నడిచే మూడు చక్రాల బండి చేసిచ్చారు, దానికే కిళ్లీల పెట్టె. కూరగాయలమ్మే ఒక దీదీకి ముందు చక్రం దూరంగా జరిపి, మధ్యలో తట్టలు పట్టే పొడుగు సైకిలు. స్మార్ట్ ఫోన్ వచ్చాక విదేశాల్లో ఇలాంటివి చేసేవాళ్ల వీడియోలు దొరికాయి. భాష అర్థం కాదు. బండి కనిపించిన చోట వీడియో ఆపి, తెర మీద స్కేలు పెట్టి కొలిచేవారు. ఎక్కడో హాలండులో ఒక ముసలాయన తన భార్యని ముందు కూర్చోబెట్టుకుని తొక్కుతుంటే చూసి, "ఈడు మనోడే" అన్నారు అత్తతో, మా ఊరివాడన్నంత ధీమాగా.

ఎవరైనా బండి కావాలని వస్తే ముందు కాళ్ల సంగతి అడిగేవారు కాదు. స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "ఎక్కడికెల్లాలనుంది?" అనేవారు. చాలామంది వెంటనే జవాబు చెప్పలేకపోయేవారు. అన్నాళ్లుగా వాళ్లని ఆ మాట ఎవరూ అడగలేదు మరి. ఆ తర్వాతే టేపు తీసి తుంటి నుంచి మోకాలు, మోకాలి నుంచి మడమ, చెయ్యి ఎంత దూరం అందుతుంది, అన్నీ కొలిచి నోటు పుస్తకంలో రాసుకునేవారు. "కాల్లు లేని మనిసి లేడు. తగ్గ సీటు దొరక్కుండా ఉన్న మనిసి ఉంటాడు" అనడం ఆయన అలవాటు.

మా అమ్మకి అరవై దాటాక మోకాళ్లు పట్టేశాయి. గుమ్మం దిగడమే గగనమైపోయింది. ఆటో ఎక్కాలంటే కాలు పైకి లేవదు. ఒకరోజు మావయ్య పిట్టగోడ మీదుగా అడిగారు.

"అప్పా, ఎక్కడికెల్లాలనుంది?"

అమ్మ ఆలోచించలేదు. "చర్చికి" అంది. ఆపైన సిగ్గుపడుతూ, "జూకి కూడా. తెల్లపులిని సూసి ఎన్నేళ్లయిందో" అంది.

నాలుగు నెలలు పట్టింది ఆ బండికి. మూడు చక్రాలు, పక్కపక్కనే రెండు సీట్లు. కుడివైపు ఆయన, ఎడమవైపు అమ్మ. పెడళ్లు ఇద్దరికీ ఉన్నాయి, గొలుసులు మాత్రం వేరువేరు. అమ్మ కాళ్లు ఆగినా బండి ఆగదు. డాక్టరు మోకాళ్లు కదుపుతూ ఉండమన్నాడు కదా, ఓపికున్నంతసేపు తిప్పుకుంటుందని. ఆమె వైపు సీటు కిందికి దించారు, కాలు ఎత్తకుండా అలా కూర్చుని తిరిగితే చాలు. నెత్తిన గొడుగు గుడ్డ. అమ్మ దాన్ని 'పక్కసీటు బండి' అంది. అదే పేరు స్థిరపడింది.

మొదటి ఆదివారం తెల్ల చీర కట్టుకుని, ఒళ్లో బైబిలు పెట్టుకుని అమ్మ ఆ బండిలో కూర్చున్నప్పటి ముఖం నాకు గుర్తుంది. రోడ్డు మీద ప్రతి స్పీడ్ బ్రేకరు ముందూ మావయ్య బండి దాదాపు ఆపేసి, "అప్పా, బ్రేకరొచ్చింది" అని చెప్పి, నెమ్మదిగా ఎక్కించి దింపేవారు. అమ్మ లోపల ప్రార్థనలో ఉన్నంతసేపూ ఆయన చర్చి గేటు బయట నీడలో కూర్చుని, వచ్చేపోయేవాళ్లకి గొలుసులు చూపించి వివరిస్తుండేవారు. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ దారి పొడుగునా కబుర్లు. జూకి కూడా వెళ్లారు. పులి నిద్రపోతోందట. "మనల్ని సూసి లేవలేదు, ఒళ్లు పొగరు" అని అమ్మ రెండు రోజులు చెప్పుకుని నవ్వింది. ఏడాదిన్నరపాటు ఆమె అలా తిరిగింది. తనంతట తాను కూరగాయలు ఏరుకుంది. పాత క్వార్టర్ల స్నేహితుల ఇళ్లకి వెళ్లింది.

ఆ సమయంలోనే నాకు ఆఫీసరుగా ప్రమోషన్ వచ్చింది. కొత్త కుర్చీ, కొత్త పరిచయాలు. ఒక సోమవారం ఆఫీసుకి వెళ్లేసరికి మా డిపార్టుమెంటు వాట్సప్ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. పక్కసీటు బండి, అందులో మావయ్య, అమ్మ. ఎవరో వెనక నుంచి తీసి సర్కసు బ్యాండు సంగీతం తగిలించారు. కింద వరసగా నవ్వు బొమ్మలు. మా పై అధికారి ఫోన్ నా ముందుకి జరిపి, "అరే, యే తో ఆప్కీ మాతాజీ హై నా?" అన్నాడు. గదిలో ఉన్నవాళ్లందరూ నా వైపు చూశారు.

అవును, మా అమ్మే, ఆ బండి చేసినాయన మా మావయ్య అని చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేది. నేను వాళ్లతో పాటు నవ్వాను. "పడోసీ హై సర్, థోడా పాగల్ హై బేచారా" అన్నాను. పక్కింటాయన, పాపం కాస్త పిచ్చి అని. నా నోటితో నేనే అన్నాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి బట్టలైనా మార్చుకోకుండా వాళ్ల వాకిట్లోకి వెళ్లాను. మావయ్య చక్రం విప్పుకుని కూర్చున్నారు.

"మావయ్యా, అమ్మని డాక్టరుకి చూపించాను. బండి కుదుపులకి వెన్నుపూస జరిగిందన్నాడు. ఇంక ఎక్కకూడదట."

చేతిలోని స్పానరు నేల మీద పెట్టారు. "కుదుపా? ఎక్కడ కుదిపింది? సీటు దగ్గరా, ఎనక సక్రం దగ్గరా?"

"అదంతా నాకు తెలీదు."

"అప్ప ఒక్క మాటైనా సెప్పలేదు గదా! నొప్పెడితే సెప్పాల గదా!"

"మీరు బాధపడతారని చెప్పలేదు. మీరు కూడా అడక్కండి. అడిగితే ఇంకా నొచ్చుకుంటుంది."

ఆయన తన చేతుల వంక చూసుకున్నారు. "ఇనుం అబద్దం ఆడదల్లుడా. కుదిపిందంటే నా కొలతే తప్పింది" అన్నారు.

గోడ దాటి వచ్చి అమ్మకి ఇంకో అబద్ధం చెప్పాను. మావయ్య గుండె బాగాలేదనీ, బరువు లాగకూడదనీ, నువ్వు అడిగితే కాదనలేక తొక్కుతారు గనక అడగొద్దనీ. అమ్మ చెంపలు వేసుకుంది. "అయ్యో, నా బరువు మోసి మోసి... నాకు తెలీనే తెలీదురా. ఇంక ఎక్కన్లే" అంది. నేను ఒకరి మీద ఒకరికున్న అభిమానాన్నే వాడుకున్నాను. ఇద్దరిలో ఏ ఒక్కరూ రెండోవారిని ఏమీ అడగలేదు. పిట్టగోడ దగ్గర పలకరింపులు మాత్రం సాగాయి. ఆరోగ్యం ఎలగుందని ఆమె, నడుం ఎలగుందని ఆయన. ఎవరికి వారు బాగానే ఉందనేవారు. అదే నిజం కూడా.

అమ్మ కోసం కారు కొన్నానని అందరికీ చెప్పాను. నాలుగైదు ఆదివారాలు చర్చికి తీసుకెళ్లాను. ఆ తర్వాత మీటింగులనీ, టూర్లనీ వాయిదాలు. అమ్మ అడగడం మానేసింది. కిటికీ పక్కన మంచం వేయించుకుని అక్కడే ప్రార్థన చేసుకునేది.

మరుసటి ఏడు ఒకరోజు గోడవతల మాటలు వినిపించాయి. భిలాయి-3 నుంచి ఒక భార్యాభర్త వచ్చారు. తల్లి చంకలో ఆరేడేళ్ల ఆడపిల్ల, కాళ్లు సన్నగా వేలాడుతున్నాయి. పాన్ డబ్బా ఆయన చెప్పి పంపాడట. మావయ్య స్టూలు వేశారు, నీళ్లిచ్చారు. ఎక్కడికెళ్లాలనుంది అని అడగలేదు.

"నేను మనుసుల్ని కూకోబెట్టే బండ్లు సెయ్యడం మానీసినానమ్మా" అన్నారు. "నా సేతుల్లో కొలత పోయింది. ఒకావిడ నడుం ఇరగ్గొట్టినాను. పసిపిల్లని నా బండెక్కించలేను."

ఆ తండ్రి తెలుగు, హిందీ కలిపి చాలాసేపు బతిమాలాడు. "ఏక్ బార్ దేఖ్ లీజియే దాదా, పిల్ల బడికి ఎల్తానంటంది" అన్నాడు, ఒక్కసారి చూడమని. మావయ్య తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. నేను మా వరండాలో పేపరు పట్టుకుని నిలబడి ఉన్నాను. అక్కడి నుంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది. లోపలికి వెళ్లిపోయాను. కిటికీలోంచి చూస్తే వాళ్లు పిల్లని చంకలు మార్చుకుంటూ వీధి మలుపు తిరుగుతున్నారు.

అమ్మ నాలుగేళ్ల క్రితం పోయింది. ఆ రోజు ఇంటినిండా జనం. మావయ్య మాత్రం లోపలికి రాకుండా గేటు దగ్గరే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. నేను దగ్గరికెళ్లాను.

"నన్ను సమించల్లుడా" అన్నారు. "నా బండెక్కబట్టే అప్ప మంచాన పడింది."

అప్పుడు కూడా చెప్పలేదు. "ఊరుకోండి మావయ్యా, మీరేం చేస్తారు" అని ఆయన భుజం మీద చెయ్యి వేశాను. తప్పు చేసినవాణ్ణి ఓదార్చే పెద్దమనిషిలాగా. ఆయన నా చెయ్యి తీసి కళ్లకద్దుకున్నారు. ఆ తడి గుర్తొస్తే ఇప్పటికీ ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు నాకు.

ఇక ఆయన పోయిన రోజు. నేను వెళ్లేసరికి ఆయన లోపల మంచం మీదే ఉన్నారు. ఇద్దరు ముగ్గురం కలిసి వాకిట్లోంచి బండ్లు ఒక్కొక్కటే వీధిలోకి తోశాం. అన్నీ సరుకులు మోసేవే. చివర రేకుల షెడ్డులో పట్టా కప్పి ఒకటుంది. పట్టా లాగితే పక్కసీటు బండి. తుప్పు లేదు. గొలుసులకి నూనె తడి ఆరలేదు. ఎడమ సీటులో ఒక బియ్యం మూట, మనిషిని కూర్చోబెట్టినట్టు తువ్వాలుతో నడుం కట్టి ఉంది. సీటు కింద నేను ఎన్నడూ చూడని స్ప్రింగులు, మూడు వరసలు.

"ఇదేంటత్తా?" అన్నాను.

"మీ అమ్మ బరువురా అది. యాబై కేజీలు" అంది అత్త. "రోజూ మీరెవరూ లెగకముందే సీకట్లో ఆ మూటెట్టుకుని బ్రేకర్ల మీద తిప్పీవోడు. దాని మీద గ్లాసుతో నీల్లెట్టీవోడు. తొణికితే మళ్లీ స్ప్రింగు మార్చీవోడు. మీ అమ్మ పోయాక కూడా మానలేదు. ఎందుకంటే ఊరుకోడు. మొన్న పండక్కి ముందు అన్నాడు, ఇప్పుడు తొణకట్లేదే అని."

ఆ షెడ్డు గోడకి వేలాడుతున్న నోటు పుస్తకంలో ఆరేళ్ల పొడుగునా అవే లెక్కలు. స్ప్రింగు మందం, చుట్లు, ఎన్ని చుక్కలు ఒలికాయి. లేని కుదుపుని ఆయన ఆరేళ్లు వెతికారు.

విజయనగరం నుంచి ఆయన తమ్ముడి కొడుకు వచ్చి జరగాల్సినవి జరిపించాడు. భిలాయి-3 నుంచి పాన్ డబ్బా ఆయన చేతుల్తో బండి తిప్పుకుంటూ అంత దూరం వచ్చాడు. కూరగాయల దీదీ ఆ పూట అమ్మకం మానేసి వచ్చింది. నేను వాళ్లెవరి ముఖం వైపూ చూడలేకపోయాను.

ఐదో రోజు బంధువులు సర్దుకున్నాక అత్త దగ్గరికెళ్లి అంతా చెప్పాను. వీడియో, పాగల్ అన్న మాట, డాక్టరు దగ్గరికి వెళ్లనే వెళ్లలేదన్న సంగతి, అమ్మకి చెప్పిన అబద్ధం. మధ్యలో ఆపకుండా చెప్పాను. ఆపితే మళ్లీ చెప్పలేనని తెలుసు.

అత్త గుమ్మం వైపు నుంచి నా వైపు తిరిగింది.

"నిజంగానే కుదపలేదా?" అంది.

"లేదత్తా. ఒక్కసారి కూడా నొప్పి అనలేదు అమ్మ."

"మొదట సేసినప్పుడే బాగుందన్నమాట."

"బాగుంది."

"ఆ మాట ఆయనకి సెప్పాల్సింది బాబూ" అంది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. క్షమించానని అనలేదు. అనమని అడిగే ధైర్యం నాకూ లేదు. "ఆవేళ ఒట్టి సేతుల్తో పంపీసిన పిల్లని ఎతుకు. ఎక్కడుందో కనుక్కుని ఈ పక్కసీటు బండి ఇచ్చీ" అంది.

రెండు ఆదివారాలు భిలాయి-3లో తిరిగాను. పాన్ డబ్బా ఆయనకి తండ్రి ముఖం గుర్తుంది, పేరు తెలియదు. అద్దె ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లారన్నాడు. ఆ పిల్లకి ఇప్పుడు పదకొండో పన్నెండో ఉంటాయి. ఇది చదివేవాళ్లలో ఆ వైపువాళ్లు ఎవరైనా ఉంటే, కాళ్లు సన్నంగా ఉన్న ఆడపిల్లని ఎత్తుకుని సైకిళ్ల తాత దగ్గరికి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్లు మీ ఎరికలో ఉంటే, దయచేసి ఒక మాట చెప్పండి. ఆ తాత చేతుల్లో కొలత ఏనాడూ పోలేదని, వాళ్లని తిప్పి పంపింది నేనని, ముందు అదే చెప్పండి.

ఆ ఐదో రోజునే అత్త లేచి షెడ్డులోకి వెళ్లింది. తువ్వాలు ముడి విప్పి, నన్ను పట్టమని మూట దించించింది. మూతి విప్పి గుప్పెడు తీసి చూసింది. "పురుగు పట్టేసింది. పదకొండో రోజు వంటకి ఇయ్యే వాడదాం" అంది. చాప పరిచి, ఎండలో బియ్యం పోసి, చేట నా చేతికిచ్చింది. ఎదురెదురుగా కూర్చున్నాం. ఎండ తగిలేసరికి నల్లటి పురుగులు ఒక్కొక్కటీ బియ్యంలోంచి పైకొచ్చి చాప అంచుల వైపు పాకడం మొదలుపెట్టాయి. అత్త తలొంచుకుని ఏరుతోంది. నేనూ తలొంచుకుని ఏరుతున్నాను. యాభై కేజీలు. మధ్యాహ్నం దాటినా చాప మధ్యలో కుప్ప ఇంకా ఎత్తుగానే ఉంది.